క్వాంటం ప్రోగ్రాములో 'ఇఫ్' – ఒక పాఠం



2025 మే నెలలో ఐబీఎం, టీసీఎస్ సంస్థలు మన రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి అమరావతిలో 156 క్యూబిట్ల క్వాంటం కంప్యూటరును నెలకొల్పుతామని ప్రకటించాయి. అప్పటి నుండి 'క్వాంటం' అనే మాట మన పిల్లల నోట కూడా వినిపిస్తోంది. సెలవులకు వచ్చినప్పుడు ఇంటర్ చదివే తమ్ముళ్లు నన్ను చుట్టుముట్టి, "అన్నా, అది మనలాంటోళ్లకు వస్తాదా? ఇంగ్లీషు మీడియం వాళ్లకేనా?" అని అడుగుతున్నారు. ఒక తమ్ముడినైతే ఒక కోచింగ్ సెంటరు వాళ్లు ముందుగానే కొన్ని వేలు కట్టమన్నారట. వాళ్ల నాయన అప్పు కోసం తిరుగుతున్నాడు. వస్తుంది, రాదు అని ఊరికే చెప్పడం కంటే అందులో నిజంగా ఉపయోగపడే ఒక్క పాఠాన్ని ఇక్కడే రాస్తే, ఎవరికి వారే తేల్చుకుంటారని ఈ వ్యాసం రాస్తున్నాను. దీనికి కావలసింది పదో తరగతి లెక్కలు, ఒక నోటుబుక్కు, పెన్సిలు. అప్పు అవసరం లేదు.

పాఠం పేరు 'ఇఫ్'. తెలుగులో చెప్పాలంటే 'అయితే'. పరిచయ పుస్తకాలు చాలావరకు క్యూబిట్ అంటే ఏమిటో చెప్పి, దాన్ని కొలవడంతో ఆపేస్తాయి. కొలిచిన ఫలితాన్ని చూసి తర్వాత ఏం చేయాలో నిర్ణయించడం అసలైన ప్రోగ్రామింగ్ అని నా అభిప్రాయం. అక్కడే చాలామంది తడబడుతున్నారు.

మార్కెట్ యార్డులో ఇఫ్

ఆదోని పత్తి మార్కెట్ మనందరికీ తెలుసు. మా నాయన అక్కడే హమాలీ. ప్రభుత్వ సంస్థ అయిన కాటన్ కార్పొరేషన్ (సీసీఐ) పత్తిని కొనేటప్పుడు మొదట మీటరు గుచ్చి తేమను చూస్తారు. తేమ 8 శాతం లోపల ఉంటే పూర్తి మద్దతు ధర ఇస్తారు. 2025-26 సీజనులో పొడవు పింజ రకానికి ఆ ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. 8 దాటి 12 వరకు ఉంటే ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత. అంటే 10 శాతం తేమ ఉంటే 7,947 రూపాయల 80 పైసలు. 12 దాటితే కొనరు. ఇది అచ్చమైన ఇఫ్. మొదట కొలత, ఆ తర్వాత కొలతను బట్టి మూడు దారులు.

ఈ పద్ధతిలో మనం ఎన్నడూ ఆలోచించని సంగతి ఒకటి ఉంది. మీటరు గుచ్చినందువల్ల పత్తి మారిపోదు. గుచ్చక ముందు 10 శాతం తేమ ఉంటే గుచ్చిన తర్వాతా 10 శాతమే ఉంటుంది. క్యూబిట్ విషయంలో అలా కాదు. కొలవగానే అది మారిపోతుంది. ఈ మాట మా నాయనకు చెబితే, "కొలిస్తే చెడిపోయే సరుకు యాడన్నా ఉంటాదా? ఉన్నా దాన్ని కొనేదెవరు?" అన్నాడు. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేనే అయినా, నేను చదివిన పుస్తకాల్లో ఇంత సూటి ప్రశ్న కనబడలేదు. కొలిస్తే చెడిపోయే సరుకుతో పని చేయించుకోవడం ఎలా అన్నదే ఈ పాఠం.

క్యూబిట్ గురించి అవసరమైనంత మేరకు

మామూలు బిట్టు 0 గానీ, 1 గానీ అయి ఉంటుంది. క్యూబిట్ స్థితిని రెండు గుణకాలతో రాస్తారు. ఉదాహరణకు 0.6[0] + 0.8[1]. పుస్తకాల్లో గుర్తులు వేరుగా ఉంటాయి, నేను చదరపు బ్రాకెట్లు వాడుతున్నాను. గుణకాల వర్గాలు సంభావ్యతలు. 0.6 వర్గం 0.36, 0.8 వర్గం 0.64, రెండూ కలిపితే 1. ఈ క్యూబిట్‌ను కొలిస్తే 100కి 36 సార్లు 0, 64 సార్లు 1 వస్తుంది. 1 వచ్చిందనుకోండి, ఆ తర్వాత క్యూబిట్ స్థితి [1] మాత్రమే. 0.6, 0.8 అనే సమాచారం ఇక అందులో లేదు. గుణకం రుణ సంఖ్య కూడా కావచ్చు. 0.6[0] − 0.8[1] ను కొలిచినా అవే 36, 64 వస్తాయి. అయినా ఇది వేరే స్థితి. ఈ మైనస్ గుర్తును మరచిపోకండి, ముందు ముందు పని పడుతుంది.

గేట్లు నాలుగు చాలు. ఎక్స్ గేటు [0] ను [1] గా, [1] ను [0] గా మారుస్తుంది. జెడ్ గేటు [1] ముందున్న గుర్తును మారుస్తుంది. హెచ్ గేటు [0] ను సగం సగం మిశ్రమంగా, అంటే 0.707[0] + 0.707[1] గా చేస్తుంది. [1] ను 0.707[0] − 0.707[1] గా చేస్తుంది. సీనాట్ గేటుకు రెండు క్యూబిట్లు కావాలి. మొదటిది 1 అయినప్పుడు రెండోదాన్ని తిప్పుతుంది.

ఇక మొదటి ప్రోగ్రాం. క1 అనేది క్యూబిట్, ఫ1 అనేది ఫలితాన్ని రాసుకునే మామూలు బిట్టు.

క1 పై హెచ్ గేటు
క1 ను కొలిచి ఫ1 లో రాయి
ఫ1 = 1 అయితే: క1 పై ఎక్స్ గేటు

హెచ్ గేటు వల్ల ఫ1 సగం సార్లు 0, సగం సార్లు 1 అవుతుంది. 0 వస్తే క1 ఇప్పటికే [0] లో ఉంది, దాన్ని ముట్టుకోం. 1 వస్తే ఎక్స్ గేటు దాన్ని [0] కు తెస్తుంది. ఏది వచ్చినా చివరికి క1 స్థితి [0]. వాడేసిన క్యూబిట్‌ను శుభ్రం చేసి మళ్లీ వాడుకోవడానికి ఇదొక పద్ధతి. క1 ఎప్పుడూ [0] కు వచ్చినా, ఫ1 లో మాత్రం కొలిచినప్పటి అంకె అలాగే ఉంటుంది. ఫలితం వేరు, క్యూబిట్ వేరు.

ఇఫ్‌లు రెండు రకాలు

పైథాన్ నేర్చుకున్నవాళ్లు దగ్గర దగ్గర అందరూ తడబడే చోటు ఇది. క్వాంటం ప్రోగ్రామును సాధారణంగా పైథాన్‌లో, కిస్కిట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేరుతో రాస్తారు. పైథాన్‌లో ఇఫ్ ఎలాగూ ఉంది కదా అని కొలత తర్వాత ఆ ఇఫ్‌నే రాస్తారు. అది పనిచేయదు. మన పైథాన్ ప్రోగ్రాం చేసే పని సర్క్యూట్‌ను తయారు చేయడం మాత్రమే. ఆ సమయానికి ఏ క్యూబిట్‌నూ ఎవరూ కొలవలేదు, కాబట్టి చూడడానికి ఫలితమే లేదు. సర్క్యూట్ తయారైన తర్వాత యంత్రానికి వెళ్తుంది, అక్కడ నడుస్తుంది, అప్పుడు కొలత జరుగుతుంది.

పత్తిని యార్డుకు పంపుతూ బండి వెంట వెళ్లేవాడికి ఒక చీటీ రాసిచ్చారనుకోండి. "తేమ 12 లోపల ఉంటే అమ్ము, దాటితే వెనక్కి తెచ్చి ఎండబెట్టు." చీటీ రాసేటప్పుడు మీకు తేమ తెలియదు. షరతును రాసింది మీరు, దాన్ని చూసి నిర్ణయం అమలు చేసేది యార్డులో ఉన్న మనిషి. ఇంట్లో కూర్చొని ఊహించుకుని "అమ్ము" అని మాత్రం రాస్తే అది షరతే కాదు. క్వాంటం ప్రోగ్రాములో ఇఫ్‌ను చీటీలో, అంటే సర్క్యూట్ లోపల రాయాలి. పైథాన్ ఇఫ్ ఇంట్లో కూర్చున్న మనిషి చేసే ఆలోచన. పైగా ఒక సర్క్యూట్‌ను 1000 సార్లు నడుపుతారు, ప్రతిసారీ కొలత వేరుగా రావచ్చు. 1000 సార్లూ నిర్ణయం విడివిడిగా జరగాలి.

కిస్కిట్‌లో దీనికి 'ఇఫ్ టెస్ట్' అనే ఆదేశం ఉంది. ఏ బిట్టును చూడాలో, దాని విలువ ఎంత ఉండాలో చెప్పి, 'విత్' అనే మాటతో ఒక బ్లాకు తెరిచి, లోపల గేట్లు రాస్తాం. కావాలంటే 'ఎల్స్' బ్లాకు కూడా పెట్టవచ్చు. పాత పుస్తకాల్లో, పాత వీడియోల్లో గేటు చివర 'సి ఇఫ్' అని తగిలించే పద్ధతి కనిపిస్తుంది. 2025లో వచ్చిన కిస్కిట్ 2.0 నుండి దాన్ని తీసేశారు. మీ ప్రోగ్రాం అక్కడ తప్పు చూపిస్తే మీ తెలివిని అనుమానించకండి, పుస్తకం పాతది.

2017లో వచ్చిన ఓపెన్ క్వాజం రెండో రూపంలో ఇఫ్ ఉన్నా, అది ఒక్క బిట్టును చూడలేదు. రిజిస్టరు మొత్తాన్ని ఒక అంకెతో పోల్చేది. అందుకే ఆ కాలపు ఉదాహరణల్లో ఒక్కొక్క బిట్టుకు ఒక్కొక్క రిజిస్టరు పెట్టి ఉంటారు. అది చూసి ఎందుకబ్బా అనుకునేవాళ్లకు కారణం ఇదే. 2021లో ప్రతిపాదించిన మూడో రూపంలో ఆ ఇబ్బంది తీరింది. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. కిస్కిట్ ఫలితాన్ని కుడి నుండి ఎడమకు రాస్తుంది. '01' అని కనబడితే కుడి చివరిది సున్నా నంబరు బిట్టు. ఎడమ నుండి చదివితే మీ ఇఫ్ సరిగ్గా ఉన్నా తప్పుగా కనబడుతుంది.

ఆదోని నుండి ఎమ్మిగనూరుకు

ఇఫ్ లేకపోతే అసలు సాధ్యం కాని పని ఒకటి చూద్దాం. దాన్ని టెలిపోర్టేషన్ అంటారు. సినిమాల్లోలాగా మనిషి మాయమై ఇంకోచోట తేలడం కాదు. ఒక క్యూబిట్ స్థితిని ఇంకోచోటి క్యూబిట్‌కు చేర్చడం. 1993లో బెన్నెట్, బ్రాసార్డ్, క్రెపో, జోసా, పెరెస్, వూటర్స్ అనే ఆరుగురు దీన్ని ప్రతిపాదించారు.

ఆదోనిలో ఒక విద్యార్థిని ఉంది. ఆమె దగ్గర క1 అనే క్యూబిట్ 0.6[0] + 0.8[1] స్థితిలో ఉంది. ఆ గుణకాలు ఆమెకూ తెలియవు. కొలిచి తెలుసుకుందామంటే చెడిపోతుంది. సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరులో ఆమె తమ్ముడున్నాడు. అక్కాతమ్ముళ్లు ముందుగానే ఒక జత క్యూబిట్లను పంచుకున్నారు: క2 అక్క దగ్గర, క3 తమ్ముడి దగ్గర. ఆ జత [00], [11] ల సగం సగం మిశ్రమం. దీన్నే ఎంటాంగిల్‌మెంట్ అంటారు. అక్క క1, క2 లపై సీనాట్ గేటు, తర్వాత క1 పై హెచ్ గేటు పెట్టి, రెండింటినీ కొలిచి తమ్ముడికి ఫోనులో చెబుతుంది.

లెక్క చేద్దాం. అన్నింటికీ ఉమ్మడిగా ఉండే గుణకాన్ని చివర్లో చూద్దాం. అంకెల వరుస క1, క2, క3. మొదలు ఇలా ఉంటుంది:

0.6[000] + 0.6[011] + 0.8[100] + 0.8[111]

సీనాట్ తర్వాత, క1 ఎక్కడ 1 గా ఉందో అక్కడ క2 తిరగబడుతుంది:

0.6[000] + 0.6[011] + 0.8[110] + 0.8[101]

హెచ్ తర్వాత ఒక్కో పదం రెండవుతుంది:

0.6[000] + 0.6[100] + 0.6[011] + 0.6[111] + 0.8[010] − 0.8[110] + 0.8[001] − 0.8[101]

ఇప్పుడు మొదటి రెండు అంకెలను బట్టి గుంపులు చేయండి. అక్క కొలతలో 00 వస్తే తమ్ముడి దగ్గర 0.6[0] + 0.8[1] ఉంటుంది. 01 వస్తే 0.8[0] + 0.6[1]. 10 వస్తే 0.6[0] − 0.8[1]. 11 వస్తే −0.8[0] + 0.6[1]. ఉమ్మడి గుణకం 0.5, దాని వర్గం 0.25. కాబట్టి నాలుగూ సమాన అవకాశంతో వస్తాయి.

00 వస్తే స్థితి సరిగ్గా చేరింది. 01 వస్తే గుణకాలు తారుమారయ్యాయి, ఎక్స్ గేటు చాలు. 10 వస్తే గుర్తు చెడింది, జెడ్ గేటు చాలు. 11 వస్తే రెండూ కావాలి. ప్రోగ్రాములో మాత్రం నాలుగు షరతులు అవసరం లేదు, రెండే:

ఫ2 = 1 అయితే: క3 పై ఎక్స్ గేటు
ఫ1 = 1 అయితే: క3 పై జెడ్ గేటు

ఇవి విడివిడి ఇఫ్‌లు. మధ్యలో 'లేకపోతే' అని కలిపితే 11 వచ్చినప్పుడు ఒక్క గేటే పడుతుంది, లెక్క తప్పుతుంది.

ఈ నాలుగు ఫలితాలకూ సమాన అవకాశం ఉంది కాబట్టి కంప్యూటరు లేకుండానే స్టడీ అవర్లో ఈ ఆట ఆడవచ్చు. ఒకరు అక్క, ఒకరు తమ్ముడు. అక్క రెండు నాణేలు ఎగరేస్తుంది; బొమ్మ 0, బొరుసు 1. ఏ ఫలితానికి ఏ స్థితి వస్తుందో ఒక కాగితంపై రాసుకుని, ఆ స్థితిని తమ్ముడికిచ్చి, రెండు అంకెలూ చెబుతుంది. తమ్ముడు గేట్లు పెట్టి 0.6[0] + 0.8[1] తేవాలి. 0.6, 0.8 బదులు వర్గాలు కలిపితే 1 వచ్చే ఏ జత అయినా తీసుకోవచ్చు. 5/13, 12/13 తో చేసి చూడండి.

ఫోను రాకపోతే తమ్ముడికి ఏం తెలుస్తుంది? సగం సార్లు 1 వచ్చే అవకాశం 0.64, సగం సార్లు 0.36. సగటు సరిగ్గా 0.5. అంటే ఏమీ తెలియదు. ఎమ్మిగనూరుకు స్థితి చేరాలంటే రెండు మామూలు బిట్లు దారి వెంట ప్రయాణించి తీరాలి. టెలిపోర్టేషన్‌తో వెలుగు కంటే వేగంగా కబురు పంపవచ్చని ఎవరైనా అంటే ఈ 0.5 ను చూపించండి.

ఇఫ్ సరిగ్గా పనిచేసిందని ఎలా తెలుసుకోవాలి?

చాలా వ్యాసాల్లో ఈ సంగతి ఉండదు కాబట్టి కొంచెం ఎక్కువ రాస్తాను. టెలిపోర్టేషన్ ప్రోగ్రాం రాసి, చివర క3 ను 1000 సార్లు కొలిస్తే 0 సుమారు 360 సార్లు, 1 సుమారు 640 సార్లు వచ్చాయనుకోండి. ప్రోగ్రాం సరైనదేనా? చెప్పలేం. జెడ్ ఇఫ్‌ను పూర్తిగా మరచిపోయినా అవే అంకెలు వస్తాయి, ఎందుకంటే నేరుగా కొలిస్తే మైనస్ గుర్తు కనబడదు.

సరైన పరీక్ష ఏమిటంటే, మొదట [0] నుండి 0.6[0] + 0.8[1] ను తయారు చేసిన గేటుకు విలోమ గేటును చివర క3 పై పెట్టి కొలవాలి. స్థితి సరిగ్గా చేరి ఉంటే 1000 సార్లూ 0 రావాలి. జెడ్ ఇఫ్ లేకపోతే సగం సార్లు 0.6[0] − 0.8[1] మిగులుతుంది. అసలు స్థితితో దాని పోలిక 0.36 − 0.64 = −0.28, వర్గం 0.0784. మిగతా సగంలో 1. సగటు 0.5392. అంటే 1000కి సుమారు 539 సార్లే 0 వస్తుంది. తప్పు వెంటనే బయటపడుతుంది.

ఎక్స్ ఇఫ్‌ను మరచిపోతే? సగం సార్లు 0.8[0] + 0.6[1] మిగులుతుంది. పోలిక 0.48 + 0.48 = 0.96, వర్గం 0.9216, సగటు 0.9608. 1000కి సుమారు 961 సార్లు 0! నిజమైన యంత్రం మీద నడిపినవాడు దీన్ని చూసి, "యంత్రంలో కొంత నాయిస్ ఉంటుందిలే, 96 శాతం బాగానే వచ్చింది" అనుకుని సంతోషపడతాడు. ప్రోగ్రాములో ఒక ఇఫ్ మొత్తం లేకపోయినా మార్కులు 96! అందుకే ఒకే స్థితితో పరీక్ష చేయకూడదు. ఎక్స్ ఇఫ్‌ను పరీక్షించడానికి [0] ను పంపండి, అది లేకపోతే 1000కి 500 మాత్రమే వస్తాయి. జెడ్ ఇఫ్‌కు 0.707[0] + 0.707[1] ను పంపండి. ఈ రెండూ దాటిన తర్వాత యంత్రాన్ని నిందించవచ్చు.

ఏరి పారేయడం కంటే దిద్దుకోవడం

1997లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్‌లో జైలింగర్ బృందం కాంతి కణాలతో టెలిపోర్టేషన్ చేసి చూపింది. జైలింగర్‌కు 2022లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ ప్రయోగంలో నాలుగు ఫలితాల్లో ఒక్కదాన్నే గుర్తించగలిగారు. ఆ ఒక్కటి వచ్చినప్పుడు లెక్కలోకి తీసుకుని, మిగతావి వదిలేశారు. 2004లో ఇన్స్‌బ్రుక్‌లోనే మరో బృందం కాల్షియం అయాన్లతో, అమెరికాలోని నిస్ట్ ప్రయోగశాల బెరీలియం అయాన్లతో, కొలిచిన ఫలితాన్ని బట్టి దిద్దుబాటు చేసి ప్రతిసారీ పని పూర్తిచేశాయి. ఈ రెండు పద్ధతుల మధ్య తేడా మన ఇఫ్.

వదిలేస్తే నష్టమేమిటి అంటారా? ఒక్కసారికైతే నాలుగింటిలో ఒకటి దక్కుతుంది. వరుసగా ఐదు టెలిపోర్టేషన్లు కావాలంటే ఐదుసార్లూ 00 రావాలి, అవకాశం 1024లో ఒకటి. పదిసార్లకు పది లక్షల్లో ఒకటి కంటే తక్కువ. ఇఫ్ ఉంటే ఒక్కటీ పారేయనక్కరలేదు.

ఇంకొందరు, "ఎక్స్ ఇఫ్ బదులు, కొలవకుండా క2 నుండి క3 కి సీనాట్ పెట్టి, చివర్లో కొలిస్తే సరిపోతుంది కదా" అంటారు. లెక్క ప్రకారం నిజమే, అదే జవాబు వస్తుంది. కానీ క2 ఆదోనిలో ఉంది, క3 ఎమ్మిగనూరులో ఉంది. రెండింటి మధ్య గేటు పెట్టాలంటే ఒక క్యూబిట్‌ను మోసుకుపోవాలి. మోసుకుపోగలిగితే క1 నే మోసుకుపోవచ్చు, ఇంత తతంగం ఎందుకు? ఇఫ్ దారిలో ప్రయాణించేది ఫోనులో చెప్పదగిన రెండు అంకెలు మాత్రమే.

నిజమైన యంత్రంలో ఇఫ్‌కు శత్రువు సమయం. ఐబీఎం వాడే సూపర్‌కండక్టింగ్ క్యూబిట్లు తమ స్థితిని నిలుపుకునేది వందల మైక్రోసెకన్ల స్థాయిలో. మైక్రోసెకను అంటే సెకనులో పది లక్షల వంతు. కొలతకే ఒక మైక్రోసెకను స్థాయి సమయం పడుతుంది. ఆ ఫలితాన్ని ఇంటర్నెట్ మీదుగా మన కంప్యూటరుకు పంపి, పైథాన్ చూసి, తిరిగి ఆదేశం పంపేలోపు వేల మైక్రోసెకన్లు గడిచిపోతాయి. క్యూబిట్ ఎప్పుడో చెడిపోయి ఉంటుంది. అందుకే నిర్ణయం తీసుకునే ఎలక్ట్రానిక్స్ యంత్రం పక్కనే ఉండాలి. ఐబీఎం తన యంత్రాలపై ఈ సౌకర్యాన్ని డైనమిక్ సర్క్యూట్లు అనే పేరుతో 2022లో అందించింది. మన అక్కాతమ్ముళ్ల కథలో కూడా ఫోనుకు బదులు వెలుగు కిరణమే కబురు మోసినా, 30 కిలోమీటర్లకు 100 మైక్రోసెకన్లు పడుతుంది. కాబట్టి ఇఫ్ ఊరికే రాదు. ఎదురుచూసే ప్రతి క్షణం మిగతా క్యూబిట్లు కొంత చెడుతుంటాయి. అవసరం లేని చోట ఇఫ్ పెట్టకపోవడమే మేలు.

మగ్గం మీద తెగిన పోగు

జాకార్డు మగ్గాన్ని చూసినవారికి తెలుసు, రంధ్రాలు కొట్టిన అట్టలు వరుసగా తిరుగుతుంటే ఏ పోగు లేవాలో ఏది లేవకూడదో ఆ రంధ్రాలు నిర్ణయిస్తాయి. జాకార్డ్ అనే ఫ్రెంచివాడు 1804 ప్రాంతంలో చేసిన ఏర్పాటు ఇది. కంప్యూటరు ప్రోగ్రాముకు తాతలాంటిది అంటారు. ఆ అట్టలకు ఒకటే లోపం. పోగు తెగినా వాటికి తెలియదు, తమ వరుసలో తాము తిరుగుతూనే ఉంటాయి. పోగు తెగిందని చూసి, మగ్గం ఆపి, ముడివేసి మళ్లీ మొదలుపెట్టేది నేతగాడు. 1938లో మాచాని సోమప్పగారు చేనేత సహకార సంఘం స్థాపించిన ఎమ్మిగనూరులో ఈ సంగతి ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. బట్ట అంతా నేసిన తర్వాత తెగిన పోగును కనిపెట్టి లాభం లేదు.

ఇఫ్ లేని క్వాంటం సర్క్యూట్ అట్టల వరుస వంటిది. ఇఫ్ నేతగాడి కన్ను. పెద్ద క్వాంటం కంప్యూటర్లకు కావలసిన దోష సవరణ అంతా ఇదే పని. అతి చిన్న ఉదాహరణలో 0.6[0] + 0.8[1] ను మూడు క్యూబిట్లలో 0.6[000] + 0.8[111] గా దాస్తారు. మూడింటిలో ఒకటి తిరగబడితే ఏది తిరగబడిందో కనిపెట్టాలి, కానీ వాటిని నేరుగా కొలవకూడదు, కొలిస్తే 0.6, 0.8 పోతాయి. అందుకని అదనపు క్యూబిట్లు పెట్టి "మొదటిది, రెండోది ఒకటేనా?", "రెండోది, మూడోది ఒకటేనా?" అని మాత్రం అడుగుతారు. ఒకటే అయితే 0, వేరైతే 1. ఈ ప్రశ్నలకు జవాబు చెప్పడంలో అవి 0లా 1లా అన్నది బయటపడదు. మా నాయన అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే. సరుకును ముట్టుకోకుండా దాని మీద పడిన దెబ్బను మాత్రం కొలవడం.

జవాబులు 00 అయితే ఏమీ చేయవద్దు. 10 అయితే మొదటిదానిపై ఎక్స్, 11 అయితే రెండోదానిపై ఎక్స్, 01 అయితే మూడోదానిపై ఎక్స్. మళ్లీ కొలత, మళ్లీ ఇఫ్. ఇది ప్రోగ్రాం నడుస్తున్నంత సేపూ తిరుగుతూ ఉండాలి.

ఒక లెక్క ఇస్తున్నాను, నోటుబుక్కులో చేసి చూడండి. 0.6[000] + 0.8[111] లో ఒకటి కాకుండా మొదటిది, రెండోది రెండూ తిరగబడ్డాయనుకోండి. రెండు ప్రశ్నలకు జవాబులు రాయండి, పై నాలుగు షరతుల్లో ఏది వర్తిస్తుందో చూసి ఆ గేటు పెట్టండి. మీకు చివరికి 0.8[000] + 0.6[111] రావాలి. షరతులన్నీ అక్షరాలా పాటించినా గుణకాలు తారుమారైపోతాయి. ఐదు క్యూబిట్లలో దాచి, ఇరుగుపొరుగు జతలపై నాలుగు ప్రశ్నలు అడిగితే రెండు దెబ్బలను కూడా దిద్దవచ్చు. ఆ పదహారు జవాబుల పట్టిక తయారు చేయడానికి ఒక ఆదివారం పడుతుంది.